కవలల తర్వాతివాడు

"నిద్రపోయానని రాసిచ్చాను కదా మేడమ్. ఇంకా ఏం కావాలి?"

నర్సు అకోత్ ఆ మాట గోడతో చెప్పినట్టు చెప్పింది. ఆమె కుడిచేతి వేళ్ళు మూడు వాచి, ఒకదానికొకటి ఆనకుండా విడివిడిగా నిలబడి ఉన్నాయి. ఆ వేళ్ళతో సంతకం ఎలా పెట్టావని ఇన్‌స్పెక్టర్ అడెరో అడగలేదు. ఆ స్టేషన్‌లో ఉన్న గోడలకు కూడా తెలిసిన సంగతిని మళ్ళీ అడిగి తెలుసుకునే ఓపిక ఆమెకు ఎప్పుడూ లేదు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో ముగ్గురు పసివాళ్ళు చనిపోయారు. ముగ్గురూ ఊపిరి ఆగిపోయి చనిపోయారు, ముగ్గురూ అకోత్ డ్యూటీలోనే చనిపోయారు. చీఫ్ ఇన్‌స్పెక్టర్ బరాసా ఆమెను పట్టుకొచ్చి ఒక్కపూటలో నేరం ఒప్పించాడు. ఈ మధ్యాహ్నం రెండు గంటలకు కోర్టు. ఆ కాగితం జడ్జి చేతిలో పడిందంటే కిసుము ఊళ్ళో అకోత్ పేరు పలికేవాళ్ళుండరు.

"నేను బరాసాను కాను," అంది అడెరో. "నా దగ్గర దెబ్బలు లేవు, ఓదార్పు కూడా లేదు. నిద్రపోయావా, లేదా?"

"తొమ్మిది ఉయ్యాలలు మేడమ్, నేనొక్కదాన్నే. ఒక బిడ్డకు పాలగొట్టం వేస్తుంటే మిగతా ఎనిమిదిమందినీ చెవులతో కాపలా కాయాలి. ఊపిరి ఆగితే అలారం మోగుతుంది, పరిగెత్తుతాం. ఆ మూడుసార్లూ మోగలేదు."

"మోగించినట్టు యంత్రం రాసుకుంది."

"యంత్రాలు చూసే ఒగోలా గారు నాకూ చూపించారు. యంత్రం అబద్ధం చెప్పదంటారు. అయితే నాకు చెవుడైనా ఉండాలి, నేను నిద్రైనా పోయుండాలి. ఆలోచించి ఆలోచించి నాకే అనుమానం వచ్చేసింది."

"ఆ మూడు రోజుల్లో వేరేగా ఏం జరిగింది?"

"ఏముంటుంది, చాకిరీ. అతిథులొచ్చారు. కొత్త దుప్పట్లు పరిచారు, స్వెటర్లు వేసుకోవద్దన్నారు. నాతో ఉండాల్సిన రెండో నర్సును పూలు పట్టుకుని నిలబడమని కిందికి పిలిచారు."

"మూడు రోజులూ అతిథులేనా?"

"మూడు రోజులూ."

"ఈ మాట బరాసాకు చెప్పావా?"

అకోత్ మొదటిసారి ఇటు తిరిగింది. చెయ్యెత్తి మూడో వేలు చూపించింది. అది చెప్పినప్పటిదన్నమాట.

* * *

అడెరో వెళ్ళేసరికి ఆసుపత్రి వాకిట్లో దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లుతున్నారు. మెట్లకు అటూ ఇటూ పూలకుండీలు కొత్తగా వెలిశాయి. ఆమె రెండూ చూసింది. ఎవరినీ ఏమీ అడగకుండా యంత్రాల గదికి నడిచింది.

ఆ గదికి యజమాని ఒగోలా. యాభై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా, కడుపులో చల్ల కదలని మాట. ఆసుపత్రిలో ఉన్న లినక్స్ యంత్రాలన్నీ ఆయన చేతిమీదుగా పెట్టినవే. "రా చెల్లెమ్మా, చాయ్ వేడిగా ఉంది," అంటూ ఫ్లాస్కు మూత తిప్పాడు. ఆయన పక్కన కుర్చీ నిండా కూర్చుని, నూనెలో వేయించిన మందాజీ రొట్టె నములుతున్నవాడు బరాసా.

"వచ్చావా తల్లీ," అన్నాడు బరాసా. "ముద్దాయి ఒప్పుకున్న కేసులో నీకేం పని?"

"ఒప్పుకున్న వేళ్ళను చూసొచ్చాను."

"తలుపు సందులో పడ్డాయి."

"మూడుసార్లా?"

బరాసా మందాజీ కింద పెట్టాడు. "ఇదిగో అడెరో. నా కూతురి బిడ్డ ఆ వార్డులోనే ఉంది, ఐదో ఉయ్యాలలో. నా పిడికిలంత ఉంది. ఆ నర్సు చేతికింద ఇంకొక్క రోజు ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు. నాకు నీతులు చెప్పకు."

అది నిజమని అతని మొహమే చెప్పింది. క్రూరుడికి కూడా మనవరాలుంటుంది, ఆ క్రూరత్వానికి ఆ మనవరాలే సాకు కూడా అవుతుంది.

"ఇప్పుడు ఇక్కడేం చేస్తున్నారు?"

"యంత్రాలు రీస్టార్ట్ చేయిస్తున్నాను. ఆ నర్సు ఏం కెలికిందో ఏమో, ఒకసారి ఆపి మొదలుపెడితే శుభ్రమవుతాయని ఒగోలా గారే అన్నారు. నా మనవరాలి అలారం సరిగ్గా మోగాలి."

"చిన్న పనే చెల్లెమ్మా," అన్నాడు ఒగోలా. "ఎన్ని యంత్రాలని. రెండే. ఒపియో, ఒడోంగో. ఒపియో అలారాలు పంపుతాడు, వాడికి జబ్బు చేస్తే ఒడోంగో అందుకుంటాడు. చాయ్ చల్లారేలోపు అయిపోతుంది."

"మీ లువోవాళ్ళు ఇనుప పెట్టెలకు కూడా కవలల పేర్లు పెడతారా?" అన్నాడు బరాసా. "మా వాళ్ళయితే ముఖ్వానా, ములోంగో అనేవాళ్ళు."

"పెట్టడమే కాదు సార్, కవలలకు చెయ్యాల్సిన మర్యాదంతా చేశాను. బీరు పోశాను, బూతుపాటలు పాడించాను. మా మేట్రన్ నెలరోజులు నాతో మాట్లాడలేదు."

ఇద్దరూ నవ్వారు. అడెరో నవ్వకుండా ఒపియో ముందున్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"శవాన్ని కొయ్యకముందే కడిగి పాతిపెడతారా సార్? ఈ యంత్రానికి గుర్తున్నదంతా జ్ఞాపకంలోనే ఉంది. ఆపితే అంతా పోతుంది. నా పని అయ్యేదాకా ఎవరైనా స్విచ్చి మీద చెయ్యి వేస్తే సాక్ష్యం మాయం చేశారని రాస్తాను. మీ పేరైనా సరే."

"నువ్వు రాస్తే నాకు జ్వరమొస్తుందా?"

"మీరు రాయించింది ఆ వేళ్ళతో. నేను రాసేది నా వేళ్ళతో. జడ్జి దేన్ని నమ్ముతాడో చూద్దాం."

బరాసా గడియారం చూసుకున్నాడు. "కోర్టు టైముకు బయలుదేరాలి. అందాకా ఆడుకో."

పోలీసుల్లో చేరకముందు అడెరో ఎనిమిదేళ్ళు కెర్నల్ మీద బతికింది. యంత్రం లోపల అన్నిటికంటే అడుగున ఉండి, పైనున్న ప్రోగ్రాములన్నిటికీ కూడూ గుడ్డా పంచే ముఖ్యభాగం అది. అలారం ప్రోగ్రాము తన వంతుగా 'మోగించాను' అని రాసుకుని కిందికి అందిస్తుంది. దాన్ని తీగ మీదికి ఎక్కించేది కెర్నల్. పైనున్న ప్రోగ్రాము నిజమే రాసింది, అకోత్ నిజమే చెప్పింది. ఈ రెండూ నిజమైతే దొంగ మధ్యలో, కిందనే ఉండాలి.

ఆమె ఒక్క వరుస కొట్టింది. సున్నా రావలసిన చోట పెద్ద అంకె వచ్చింది.

"మైలపడింది," అంది.

"ఏమిటి?" అన్నాడు బరాసా.

"కెర్నల్‌కు పట్టింపు ఎక్కువ సార్. నడుస్తుండగా బయటి ముక్క ఏదైనా తెచ్చి తగిలించవచ్చు, ఒప్పుకుంటుంది. కానీ ముద్ర లేని ముక్క తగిలిస్తే తనకు మైల అంటిందని గుర్తు పెట్టుకుంటుంది. ఆ ముక్కను పీకి పారేసినా మైల పోదు. తలస్నానం చేయిస్తేనే పోతుంది."

"తలస్నానమంటే?"

"రీస్టార్ట్."

బరాసా ఒగోలా వైపు చూశాడు. ఒగోలా చెంచాతో చాయ్ తిప్పుతూ, "అదా, పాత ప్రింటరుకు ఎప్పుడో ఏదో తగిలించాం చెల్లెమ్మా. నేను రీస్టార్ట్ చేద్దామన్నది దాన్ని దాచడానికని కాదు," అన్నాడు.

"దాచడానికని నేను అనలేదే."

గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాడు. చెంచా ఆగింది.

కెర్నల్ తన కడుపులో మాట బయటపెట్టే తలుపు ఒకటుంటుంది. తప్పులు వెతికేవాళ్ళ కోసం పెట్టింది, మామూలు రోజుల్లో దాన్ని ఎవరూ తెరవరు. అడెరో ఆ తలుపు తెరుచుకుని లోపలికి వెళ్ళింది. తగిలించి పీకేసిన మైల ముక్కల పేర్లన్నీ, ఎన్నిసార్లు పీకారో ఆ లెక్కతో సహా, ఒక అరలో ఉంటాయి. పాత కెర్నళ్ళలో ఈ అర లేదు. ఒగోలా చదువు ఆ పాత కెర్నళ్ళ నాటిది. పీకేస్తే ఆనవాలు మిగలదని ఆయన గట్టిగా నమ్మాడు.

తెర మీద ఒకే పేరు వచ్చింది. పక్కన మూడు.

"లింగ్ అంటే ఏంటి?" అన్నాడు బరాసా.

"పిల్లలు ఏడిస్తే మా తల్లులు అనే మాట సార్. ఊరుకో, చప్పుడు చెయ్యకు అని." అడెరో ఒగోలా మొహం చూస్తూ చెప్పింది. "మూడుసార్లు తగిలించి మూడుసార్లు తీశారు. ముగ్గురు పిల్లలు. పేరు పెట్టినవాడికి రసికత ఉంది."

ఒగోలా నుదురు తుడుచుకున్నాడు. "ఆ నర్సుకు తాళంమాట తెలిసిపోయిందేమో. ఈ రోజుల్లో అందరూ అన్నీ నేర్చుకుంటున్నారు."

"అదీ మాట," అని బరాసా తొడ చరిచాడు. "నర్సే చేసింది. నిద్రపోలేదు, చంపింది. కాగితం మార్చి రాయిస్తాను."

"ఇంకా రెండు వేళ్ళున్నాయి లెండి, రాయించండి."

మాటకు మాట అన్నదే గానీ అడెరోకు చిక్కు అర్థమైంది. ముక్క దొరికింది, తగిలించిన చెయ్యి దొరకలేదు. ఈ అంకెను కోర్టులో పెడితే బరాసా దాన్నే అకోత్ మెడకు చుడతాడు. దొంగ ఇంకొక్కసారి రావాలి, వచ్చినప్పుడు చెయ్యి పట్టుకోవాలి.

కెర్నల్‌లో ఉచ్చు పన్నడం వేటగాడి పనికంటే తేలిక. గుట్టు తెలిసినవాళ్ళకు మూడు వరుసలు చాలు. కొత్త ముక్క ఏది తగిలినా, ఏది తీసినా, ఆ పని చేసింది ఎవరో, ఏ క్షణానో రాసిపెట్టమని కెర్నల్‌నే కావలి పెట్టింది. ఒగోలాకు కనపడకుండా తెరను కొంచెం పక్కకు తిప్పుకుంది.

కింద వాకిట్లో పాట మొదలైంది. నర్సులు చప్పట్లు కొడుతూ అతిథులకు స్వాగతం పాడుతున్నారు.

ఈ రోజూ అతిథుల రోజే. అడెరో చెయ్యి జేబులో ఫోను మీదికి వెళ్ళింది. వార్డుకు ఒక్క మాట చెప్పొచ్చు, ఉయ్యాలల దగ్గర నుంచి కదలొద్దని. చెబితే మేట్రన్‌కు తెలుస్తుంది, మేట్రన్ ఆసుపత్రి డైరెక్టర్‌కు చెబుతుంది, ఈ రోజుకు దొంగ రాడు. రెండు గంటలకు అకోత్ జైలుకు పోతుంది. పైగా ఈ రోజు ఏమీ జరగకపోవచ్చు కూడా. ఒక్క క్షణం పనే కదా, ఉచ్చు బిగియగానే తీసేస్తాను అనుకుంది. ఆమె చెయ్యి ఖాళీగా జేబులోంచి బయటికి వచ్చింది.

పాట అయిపోయింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు అతిథుల గది వైపు వెళ్ళింది. ఒగోలా రెండు చేతులూ కప్పు చుట్టూ ఉన్నాయి.

తెర మీద కొత్త వరుస పడింది. లింగ్.

"సార్," అంది అడెరో. "ఇప్పుడే తగిలించారు."

"ఇప్పుడా? ఎవరు? ఆ నర్సు నా లాకప్‌లో ఉంది."

"అదే నేనూ అంటున్నది. వార్డులో అలారం మూగబోయింది."

బరాసాకు అర్థం కావడానికి ఒక ఊపిరి పట్టింది. అర్థమయ్యాక అతను కుర్చీని తన్నుకుంటూ పరిగెత్తాడు. అంత భారీ మనిషి అంత వేగంగా పరిగెత్తగలడని అడెరో ఎప్పుడూ అనుకోలేదు.

"ముందు దాన్ని తీసెయ్యి చెల్లెమ్మా," అన్నాడు ఒగోలా. ఆయన గొంతు మారిపోయింది. "ఒక్క వరుస. తీసెయ్యి."

"తీస్తే తాడు తెగుతుంది. రెండో కొస ఎవరి చేతిలో ఉందో నాకు ఇప్పుడే తెలియాలి."

"పిల్లలున్నారక్కడ."

"తెలుసు."

ఆమె పని ఆపలేదు. ముక్క తగిలించిన ప్రోగ్రామును పట్టుకుంది, అది ఏ దారిన లోపలికి వచ్చిందో చూసింది, ఆ దారి చివర ఏ యంత్రముందో పేరు అడిగింది. ఒక్కొక్కటీ తను వెంట తెచ్చి తగిలించిన డిస్కులోకి ఎక్కించింది. ఎక్కేదాకా ఆగింది. ఒగోలా కుర్చీలోంచి సగం లేచి, "తీసెయ్యమ్మా, నీకు దండం పెడతా," అన్నాడు. ఆమె ఆయన వైపు చూడకుండా పని ముగించుకుని అప్పుడు తీసేసింది.

అరలో అంకె మూడు నుంచి నాలుగయింది. ఈసారి తీసిన చెయ్యి ఆమెది.

"రెండే యంత్రాలన్నారు," అంది ఆమె. "మరి ఈ ఒకెలో ఎవరు?"

ఒగోలా చూపు తలుపు మీదికి పోయింది.

"దొంగతనంగా దాచుకున్న యంత్రానికి పెట్టడానికి లోకంలో వేరే పేరే దొరకలేదా? కవలల తర్వాత పుట్టినవాడు ఒకెలో. మన వాళ్ళలో చంటిపిల్లకు కూడా తెలుసు. చెయ్యి రాలేదు కదూ వేరేది పెట్టడానికి. ఎక్కడున్నాడు మూడోవాడు?"

"అతిథుల గదిలో, వార్డును చూపించే పెద్ద తెర వెనక." ఆయన మళ్ళీ కూర్చున్నాడు. "మన పద్ధతి చూసి కొనడానికి వేరే ఆసుపత్రులవాళ్ళు వస్తారు. వాళ్ళు చూస్తుండగా అలారం మోగితే వార్డు బాగాలేదనుకుంటారని డైరెక్టర్ గారు గోల పెట్టారు. తెర వెయ్యగానే అలారాలు ఆగాలి, తెర ఆపగానే మోగాలి. చేసింది నేనే. నొక్కేది నేను కాదు."

"మొదటి బిడ్డ పోయాక ఎందుకు తీసెయ్యలేదు?"

"తీసేద్దామనే అనుకున్నాను. తీస్తే అసలెందుకు పెట్టావని అడుగుతారు." ఆయన కళ్ళెత్తలేదు. "రెండోసారికి అడిగేవాళ్ళు ఎక్కువవుతారనిపించింది. మూడోసారికి నర్సు దొరికింది."

అడెరో ఇంత నిదానంగా చెప్పిన పాపాన్ని ఇదివరకు వినలేదు. లేచి ఆయన చెంప పగలగొట్టాలనిపించింది. లేస్తే యంత్రం ఒంటరిదవుతుందని లేవలేదు.

బరాసా తిరిగొచ్చాడు. టోపీ లేదు. మీసాల మీద పాల నురగ ఉంది. తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"బతికింది," అన్నాడు. "నీలంగా అయిపోయింది. నోట్లో నోరు పెట్టి ఊదాను. ఎంతసేపు ఊదానో తెలియదు. ఏడ్చింది."

"కూర్చోండి సార్."

"వార్డులో ఒక్క మనిషి లేదు అడెరో. ఉన్న నర్సును పాట పాడమని తీసుకెళ్ళారు." అతను కూర్చోలేదు. "నేను ఐదో ఉయ్యాల మీదికి వంగి ఉన్నాను. ఆరోది నా వెనక ఉంది. నా వీపు దానివైపు ఉంది. అలారం నేను ఊదుతుండగా మోగింది. నా మనవరాలిదే అనుకున్నాను. అది ఏడ్చాక కూడా మోగుతూనే ఉంటే అప్పుడు తిరిగి చూశాను."

అతను తలుపు వదిలి తన అరచేతులు చూసుకున్నాడు.

"మగపిల్లాడు," అన్నాడు బరాసా. "ఇంకా వెచ్చగానే ఉన్నాడు. ఎత్తుకుని ఊదాను, రాలేదు."

ఒగోలా మెల్లగా అన్నాడు, "ముందు తీసెయ్యమని ఈవిణ్ణి బతిమాలాను సార్."

బరాసా అడెరో వైపు చూశాడు. ఆమె కాదనలేదు. చెప్పడానికి ఆమె దగ్గర ఉన్నది ఒకటే మాట, అది ఆమెకే అసహ్యంగా వినిపించింది.

"నాలుగో బిడ్డ పోయినప్పుడు అకోత్ మీ లాకప్‌లో ఉంది సార్. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు."

"సాక్ష్యం," అన్నాడు బరాసా, ఆ మాటను నోట్లో తిప్పి చూసినట్టు.

"ఆ సాక్ష్యంలో ఇంకోటి కూడా ఉంది చెల్లెమ్మా," అన్నాడు ఒగోలా. ఆయన మొహంలోకి రంగు తిరిగొస్తోంది. "ముక్క ఎప్పుడు తగిలిందో ఒక వరుస. నువ్వు ఎప్పుడు తీశావో ఇంకో వరుస. మధ్య ఎంతసేపు కూర్చున్నావో సెకండులో పదిలక్షల వంతు దాకా రాసుంటుంది, పెట్టింది నువ్వే కదా. నా వకీలు మొట్టమొదట అడిగేది అదే. ఆ చివరి వరుస ఒక్కటీ కొట్టేశావనుకో, నీకు ఉద్యోగం మిగులుతుంది. కొట్టేసిన సాక్ష్యం చెల్లదు కాబట్టి నేనూ మిగులుతాను. ఎవరికీ నష్టం లేదు."

ఆయన చెప్పిందాంట్లో తప్పు లేదు. అకోత్‌ను కాపాడేదీ, అడెరోను ముంచేదీ ఒకే కాగితం. సగం చింపడానికి వీల్లేదు. అడెరో తెర వైపు చూసింది. రెండు వరుసలూ ఒకదాని కింద ఒకటి బుద్ధిగా కూర్చున్నాయి. ఆమె వేలు మీట మీద ఉంది. ఎంతసేపు ఉందో ఈసారి ఎవరూ రాసుకోవడం లేదు.

ఆమె డిస్కు ఊడదీసింది. లేచి వెళ్ళి బరాసా అరచేతిలో పెట్టి, అతని వేళ్ళను తనే మూసింది.

"మీరే తీసుకెళ్ళండి సార్, కోర్టుకు. నా దగ్గరుంటే సాయంత్రానికి ఏం చేస్తానో నాకే నమ్మకం లేదు."